మొక్క ముందు ఆగిన చెయ్యి
పసిపిల్లలకు మొక్కల గురించి ఏం తెలుసు, ఎప్పుడు తెలుస్తుంది? వందేళ్ల చర్చపై ఒక సమీక్ష

తల్లి ఒడిలో తొమ్మిది నెలల పాప. ఎదురుగా ఒక బల్ల. ఆ వయసులో చేతికందిన ప్రతిదీ నోట్లోకే పోతుంది: తాళంచెవులు, దువ్వెన, దినపత్రిక మూల. బల్ల మీద ఎన్నడూ చూడని వస్తువు పెట్టినా చటుక్కున చెయ్యి చాస్తుంది. అదే చోట పచ్చటి ఆకులున్న మొక్కను పెడితే మాత్రం ఆ చెయ్యి కాసేపు ఆగుతుంది. పాప మొక్కను చూస్తుంది, పక్కనున్న పెద్దవాళ్ల ముఖం చూస్తుంది, ఆ తర్వాతే వేలు కదుపుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో యానీ వెర్ట్జ్, కరెన్ విన్ ఆ కాస్త ఆలస్యాన్ని సెకన్లలో కొలిచి 2014లో ప్రచురించారు.

ఆ వయసు దాటి ఐదేళ్లొచ్చిన పిల్లల్ని "చెట్టుకు ప్రాణం ఉందా?" అని అడిగితే చాలా దేశాల్లో చాలామంది లేదనే అంటారు. కుక్కకు ఉంది, చేపకు ఉంది, చెట్టుకు లేదు. కొందరికి ఈ తడబాటు ఎనిమిది తొమ్మిదేళ్ల దాకా వదలదు. మాటలు రాని రోజుల్లోనే మొక్కను మిగతా వస్తువుల నుంచి వేరు చేయగలిగిన బిడ్డ, మాటలొచ్చాక దాన్ని రాళ్లూ కుర్చీల పక్కన ఎందుకు నిలబెడుతుంది?

ఈ ప్రశ్న చుట్టూ దాదాపు వందేళ్లుగా వాదాలు పేరుకున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు, మానవ శాస్త్రవేత్తలు, విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు, పోషకాహార నిపుణులు తలో కొసా పట్టుకుని లాగారు. ఒకరి ఫలితం ఇంకొకరి ఫలితాన్ని కొట్టేస్తున్నట్టు కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే వాళ్లు కొలిచింది ఒకే తెలివిని కాదు. చేతికి తెలిసినది, నాలుకకు తెలిసినది, మాటకు అందినది, పేరు పెట్టి పిలవగలిగినది వేర్వేరు వయసుల్లో, వేర్వేరు దారుల్లో వస్తాయి. చిక్కుముడి చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే పడిందన్నది ఈ సమీక్ష వాదన.

మొదటి వాదం: కదిలేదే బతికున్నది

చర్చకు పునాది వేసినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే. పిల్లలు ప్రపంచాన్ని ఎలా ఊహించుకుంటారన్న అంశంపై ఆయన ఫ్రెంచిలో రాసిన పుస్తకం 1926లో వెలువడింది. సూర్యుడికి, గాలికి, సైకిలుకు, పువ్వుకు ప్రాణం ఉందా అని పిల్లల్ని అడుగుతూ పోయి, వాళ్ల జవాబుల్ని ఆయన నాలుగు మెట్లుగా పేర్చాడు. తొలి మెట్టులో ఏ పని చేసేదైనా, పనికొచ్చేదైనా బతికున్నదే. రెండో మెట్టులో కదిలేది బతికున్నది. మూడో మెట్టులో తనంతట తాను కదిలేది మాత్రమే బతికున్నది. పదకొండు పన్నెండేళ్ల తర్వాత వచ్చే చివరి మెట్టులోనే ప్రాణం జంతువులకూ మొక్కలకూ పరిమితమవుతుంది. ఈ లెక్కన మొక్కకు చోటు దొరికేది అందరికంటే ఆఖరున. నడవదు, అరవదు, తిరిగి చూడదు. కదలికే కొలమానమైతే చెట్టు ఓడిపోతుంది.

1985లో సూసన్ కేరీ ఈ వాదాన్ని కొత్త పునాది మీద నిలబెట్టింది. చిన్నపిల్లలకు జీవశాస్త్రమంటూ విడిగా ఉండదనీ, మనుషుల కోరికలు, ఉద్దేశాల గురించి తెలిసినదాన్నే మిగతా జీవులకు అంటగడతారనీ ఆమె అంది. మనిషి శరీరంలో ఫలానా అవయవం ఉంటుందని నాలుగేళ్ల పిల్లలకు చెబితే దాన్ని కుక్కకూ తేనెటీగకూ విస్తరించారు. కుక్కలో ఉంటుందని చెబితే మనిషి దాకా అంతగా రాలేదు. అంటే వాళ్ల లెక్కలకు నమూనా మనిషే. మనిషికి బాగా దూరంగా ఉండే మొక్క ఆ లెక్కలో అంచుకు చేరుతుంది. పదేళ్లు వచ్చేసరికి ఈ పునాదే మారి, తినడం, పెరగడం, చావడం ఒకే జీవక్రియలో భాగాలుగా అర్థమవుతాయని కేరీ వివరణ.

రెండో వాదం: పెరిగేదానికి వేరే లెక్క

కేరీ పుస్తకం వచ్చిన పదేళ్లలోపే దానికి గట్టి జవాబులొచ్చాయి. వాటిలో చాలావరకు "ప్రాణం ఉందా" అన్న ప్రశ్నను పక్కన పెట్టి, మొక్కకు నిజంగా జరిగే విషయాల గురించి పిల్లల్ని అడిగాయి.

దెబ్బ తగిలిన మొక్క, దెబ్బ తగిలిన జంతువు, విరిగిన వస్తువు. ఏది తనంతట తాను బాగవుతుంది? దేన్ని మనిషి బాగుచెయ్యాలి? 1993లో బ్యాక్‌షైడర్, షాట్జ్, గెల్మన్ అడిగిన ప్రశ్న ఇది. నాలుగేళ్ల పిల్లలు మొక్కనూ జంతువునూ ఒక జట్టులో వేశారు, వస్తువును వేరు చేశారు. కొమ్మ మళ్లీ చిగురిస్తుంది, కుర్చీ కాలు మొలవదు. అంతకు రెండేళ్ల ముందే గెల్మన్, వెల్‌మన్ గింజల గురించి అడిగారు. ఒక పండులోంచి తీసిన గింజను వేరే రకం మొక్కల మధ్య నాటితే ఏం మొలుస్తుంది? నాలుగేళ్ల పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల మొక్కల్ని లెక్కచేయకుండా గింజ తల్లిమొక్కనే చెప్పారు. ఏ విత్తనం వేస్తే ఆ మొక్కే మొలుస్తుందన్న నమ్మకం బడి మెట్లెక్కక ముందే కుదురుకుందన్నమాట. 1995లో హిక్లింగ్, గెల్మన్ చేసిన అధ్యయనం ఇంకో అడుగు వేసి, నాలుగున్నరేళ్లకల్లా విత్తనం, మొలక, చెట్టు, కాయ, మళ్లీ విత్తనం అనే చక్రం పిల్లలకు అందుతోందని చూపింది.

జపాన్‌లో కయోకో ఇనగాకి, గియో హతానో ఈ వాదానికి మంచి వివరణను జోడించారు. ఐదేళ్ల పిల్లలు మొక్కల్నీ జంతువుల్నీ కలిపేది ఒక రకమైన "సత్తువ" భావనతో అని వాళ్లన్నారు. నీళ్లో తిండో లోపలికి వెళ్తే సత్తువ వస్తుంది, సత్తువ వస్తే పెరుగుతుంది, అది తగ్గితే వాడిపోతుంది. 1996లో వెలువడిన వాళ్ల అధ్యయనంలో ఐదేళ్ల పిల్లలు పెరుగుదల, నీళ్లు లేదా తిండి అవసరం, ముసలితనం లాంటి లక్షణాల్ని మొక్కలకూ వర్తింపజేశారు. ఇంట్లో బంగారు చేపల్ని పెంచిన పిల్లలు తెలియని జంతువుల గురించి ఆలోచించేటప్పుడు ఆ చేపను ఆసరాగా తీసుకున్నారని ఇనగాకి 1990లోనే చూపింది. అంటే నమూనా ఎప్పుడూ మనిషే కానక్కర్లేదు. చేతులారా పెంచినది ఏదైనా నమూనా కాగలదు.

అలాంటప్పుడు "ప్రాణం" అన్న మాట దగ్గరే ఎందుకు తడబాటు? 2004లో జాన్ ఓఫర్, రాబర్ట్ సీగ్లర్ దీన్ని పరీక్షించారు. మొక్కలు తమకు కావలసినదాని వైపు కదులుతాయని, వెలుగు వైపు తిరుగుతాయని, నీళ్ల వైపు వేళ్లు సాగుతాయని తెలుసుకున్న ఐదేళ్ల పిల్లలు వాటిని ప్రాణమున్నవాటిలో చేర్చడానికి మొగ్గారు. పియాజే చెప్పిన కదలిక కొలమానం పూర్తిగా తప్పు కాదని దీనివల్ల తేలింది. మొక్క కదలిక పిల్లల కంటికి అందనంత నిదానం, అదే చిక్కు.

మూడో వాదం: చేతికి ముందే తెలుసు

ఇక్కడిదాకా మాట్లాడగలిగిన పిల్లల గురించే. మాటలు రాని బిడ్డల వైపు చర్చను తిప్పింది వెర్ట్జ్, విన్‌ల పరిశోధన. ఎనిమిది నుంచి పద్దెనిమిది నెలల పిల్లల ముందు మొక్కల్ని, కొత్తగా తయారు చేసిన వస్తువుల్ని, ప్రకృతిలో దొరికే ఇతర వస్తువుల్ని పెట్టి చూశారు. మొక్కను తాకడానికే ఎక్కువ సమయం పట్టింది. దీనికి వాళ్లిచ్చిన వివరణ పరిణామక్రమానికి సంబంధించినది. మొక్కలు పారిపోలేవు కాబట్టి ముళ్లు, దురద, విషం లాంటి రక్షణలు పెంచుకున్నాయి. లక్షల ఏళ్లుగా వాటి మధ్య పెరిగిన మనిషి బిడ్డకు "ముందు ఆగు, తర్వాత తాకు" అనే మెలకువ పుట్టుకతో ఒంటబట్టి ఉండాలి.

తర్వాతి పరిశోధనలు ఈ మెలకువను ఇంకా దగ్గరగా పరిశీలించాయి. వెర్ట్జ్ బృందం బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేస్తూ 2018లో ముళ్లున్న మొక్కల్నీ ముళ్లు లేనివాటినీ పక్కపక్కన పరీక్షించింది. పిల్లలు రెండింటి దగ్గరా ఒకేలా వెనకాడారు. ప్రమాదం కంటికి కనబడిందా లేదా అన్నదానితో పని లేదు, మొక్క అయితే చాలు. మొక్కను తాకే ముందు పిల్లలు పెద్దవాళ్ల ముఖం వైపు ఎక్కువసార్లు చూస్తారని 2019లో తేలింది.

ఆ చూపు వెనక నేర్చుకోవడం ఉంది. 2014లోనే వచ్చిన ఇంకో ప్రయోగంలో ఒక పెద్దమనిషి మొక్క నుంచి ఒక పండు, తయారు చేసిన వస్తువు నుంచి ఒక పండు తెంపి నోట్లో పెట్టుకున్నట్టు చూపారు. తర్వాత ఏది తినొచ్చని అడిగితే పద్దెనిమిది నెలల పిల్లలు మొక్క పండునే ఎంచుకున్నారు. పండును నోట్లో కాకుండా చెవి వెనక పెట్టుకుంటే ఆ ఎంపిక మాయమైంది. ఆరు నెలల పసికందుల చూపుల్లో కూడా ఇదే తేడా కనిపించింది. మొక్కకు దూరంగా ఉండు, కానీ ఎవరైనా దాన్ని తింటే గుర్తు పెట్టుకో: ఈ రెండు సూత్రాలూ జతగా పనిచేస్తున్నాయని పరిశోధకుల అభిప్రాయం.

ఈ జత సూత్రాలకు రెండో ముఖం కూడా ఉంది. తెలుగు పల్లెల్లో బడి ఆవరణల దగ్గర, చేల గట్ల మీద అడవి ఆముదం పెరుగుతుంది. దాని గింజల్ని తినే పప్పులనుకుని నమిలిన బడిపిల్లలు గుంపుగా వాంతులతో ఆస్పత్రి పాలైన వార్తలు తరచూ చదువుతూనే ఉంటాం. ఒక పిల్లాడు కొట్టుకుని తిన్నాడు, పక్కవాళ్లు చూసి తిన్నారు. చూసి నేర్చుకునే తెలివి ఎంత విలువైనదో, ఎవరిని చూసి నేర్చుకుంటారన్నది అంత ముఖ్యమైనది. పచ్చ గన్నేరు కాయలు, ఉమ్మెత్త గింజలు, గురివింద గింజలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పసివయసులో వెనకాడడం బడి వయసు దాకా కాపాడదని ఈ సంఘటనలు గుర్తుచేస్తాయి.

నాలుగో వాదం: ఎక్కడి పిల్లలు, ఏ భాష పిల్లలు?

పియాజే, కేరీ చెప్పిన మెట్లు అందరి పిల్లలవా, పట్టణపు పిల్లలవేనా? మానవ శాస్త్రవేత్తలు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇది. మెక్సికోలో జెల్టాల్ మాయా పిల్లలు మొక్కల పేర్లు ఎలా నేర్చుకుంటారో బ్రయన్ స్ట్రాస్ 1960ల చివర్లో అధ్యయనం చేశాడు. ఒక కాలిబాట వెంట పిల్లల్ని నడిపిస్తూ కనబడిన ప్రతి మొక్క పేరూ అడిగే పద్ధతి అది. దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత రెబెకా జార్గర్, రిచర్డ్ స్టెప్ అదే ఊళ్లో అదే పద్ధతిలో మళ్లీ అడిగారు. రోడ్లు వచ్చాయి, బళ్లు వచ్చాయి, పిల్లల మొక్కల జ్ఞానం మాత్రం పెద్దగా తగ్గలేదని 2004లో ప్రకటించారు. అదే దేశంలోని జపొటెక్ పిల్లలపై యూజీన్ హన్ చేసిన పని కూడా చిన్న వయసులోనే అబ్బే విస్తారమైన మొక్కల పరిచయాన్ని నమోదు చేసింది.

డగ్లస్ మెడిన్, శాండ్రా వాక్స్‌మన్, స్కాట్ అట్రాన్ తదితరులు అమెరికాలోనే భిన్న సమాజాల పిల్లల్ని పోల్చారు. 2003లో వచ్చిన అధ్యయనంలో మెనోమినీ ఆదివాసీ పిల్లలు, పల్లె పిల్లలు ప్రాణుల మధ్య సంబంధాల్ని బట్టి తర్కించారు. మనిషిని నమూనాగా తీసుకునే ధోరణి అక్కడ ప్రధానంగా కనబడలేదు. 2010లో ఇంకా ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చింది: పట్టణపు మూడేళ్ల పిల్లల్లో కూడా మనిషి కేంద్రంగా ఆలోచించే అలవాటు లేదు, ఐదేళ్లకే అది కనబడింది. కేరీ తొలిమెట్టు అనుకున్నది నిజానికి పట్టణ జీవితం నేర్పిన పాఠం కావచ్చు. మాట్లాడే కుందేళ్లు, బట్టలేసుకున్న ఎలుగుబంట్లు నిండిన బొమ్మల పుస్తకాలకు ఇందులో ఎంత వాటా ఉందన్నది పరిశోధకులు వెంటనే లేవనెత్తిన ప్రశ్న.

భాష వాటా మీద ప్రత్యేకంగా పని జరిగింది. హీబ్రూలో జంతువును సూచించే మాటలోనే జీవమనే మాట ఉంది. మొక్కను సూచించే మాట మొలవడానికి సంబంధించినది. ఇజ్రాయెల్ పిల్లలు మొక్కలకు ప్రాణం ఉందనడానికి ఎక్కువ తటపటాయిస్తారని 1989లో స్టావీ, వాక్స్ చూపారు. హతానో బృందం 1993లో జపాన్, ఇజ్రాయెల్, అమెరికా పిల్లల్ని పోల్చినప్పుడు కూడా ఈ తేడా కనిపించింది. ఇంగ్లిష్‌లో 'యానిమల్' అనే మాట ఒక్కోసారి మనిషిని కలుపుకుంటుంది, ఒక్కోసారి వదిలేస్తుంది. ఇండోనేషియన్‌లో జంతువనే మాటకు ఈ రెండర్థాల గొడవ లేదు. బతికున్నవేవో వేరు చెయ్యమంటే మొక్కల్ని చేర్చడం ఇండోనేషియా పిల్లలకు సులువైందని 2008లో ఫ్లోరెన్సియా అంగోరో, వాక్స్‌మన్, మెడిన్ నివేదించారు.

నాలుగు వాదాలూ పక్కపక్కన

- పియాజే, కేరీ: మొక్కకు ప్రాణముందన్న గ్రహింపు ఆలస్యంగా, పదేళ్ల అటూ ఇటూ వస్తుంది. ఆధారం: మాటలతో అడిగిన ప్రశ్నలు. బలం: చాలా దేశాల్లో తడబాటు నిజంగానే కనబడుతుంది. లోపం: ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.
- గెల్మన్, ఇనగాకి, హతానో: నాలుగైదేళ్లకే పెరుగుదల, మానడం, విత్తనం గురించి తెలుసు. ఆధారం: మొక్కకు ఏం జరుగుతుందో ఊహించమనే ప్రశ్నలు. లోపం: తెలిసిన విషయాలు "జీవి" అనే ఒక్క గూటికి ఎప్పుడు చేరతాయో చెప్పడం కష్టం.
- వెర్ట్జ్, విన్: మాటలకు ముందే మొక్క పట్ల ప్రత్యేక జాగ్రత్త, తినదగినదాన్ని నేర్చుకునే సంసిద్ధత ఉంటాయి. ఆధారం: చేతి కదలిక, చూపు. లోపం: వెనకాడడానికి కారణం పుట్టుకా, ఇంట్లో విన్న "ముట్టుకోవద్దు"లా అన్నది విడదీయడం సులువు కాదు.
- మెడిన్, వాక్స్‌మన్, అట్రాన్: ఏ మెట్టు ఎప్పుడొస్తుందన్నది పెరిగిన చోటును, భాషను బట్టి ఉంటుంది. ఆధారం: సమాజాల మధ్య పోలికలు. లోపం: చోటు, భాష, బడి, పుస్తకాలు కలిసే ఉంటాయి కాబట్టి దేని వాటా ఎంతో తేల్చడం కష్టం.

మొదటి రెండు వాదాల మధ్య తగవు చాలావరకు ప్రశ్న తేడాలోంచే పుట్టింది. మూడోది ఆ రెండింటినీ ఖండించదు, వాటికి ముందున్న దశను చూపుతుంది. నాలుగోది మిగతా మూడింటినీ "ఏ పిల్లలు?" అని నిలదీస్తుంది.

తెలుగులో అడిగితే

ఈ చర్చను తెలుగులోకి తెచ్చి చూస్తే భాష వాటా కళ్లకు కడుతుంది. "చెట్టుకు ప్రాణం ఉందా?" అన్న ప్రశ్నలో ప్రాణమంటే ఊపిరి కూడా. ఊపిరాడుతున్నట్టు కనబడని చెట్టు దగ్గర పిల్లలు తటపటాయించడం సహజం. "ప్రాణి" అన్నా మనసులోకి వచ్చేది జంతువే. పల్లెల్లో "జీవాలు" అంటే ఏకంగా గొర్రెలూ మేకలూ. ఈ మాటలు హీబ్రూ మాటల్లాగే జీవాన్ని జంతువు వైపు లాగుతాయి.

అయితే ఇదే భాషలో ఇంకో వాడుక ఉంది. నాటిన మొక్కను చూసి "బతికిందా?" అని అడుగుతాం. నారు చచ్చిపోయిందంటాం, ఎండకు సొమ్మసిల్లిన పైరు వానకు తేరుకుందంటాం. వాన పైర్లకు ప్రాణం పోసిందని పత్రికలు రాస్తాయి. పొద్దుతిరుగుడు అనే పేరులో, లేత మొక్క సూర్యుడి వెంట తిరిగే కదలిక ఉంది. నిద్రగన్నేరు పేరులో సాయంత్రం ముడుచుకునే ఆకులున్నాయి. పొద్దుగూకాక పూలు కొయ్యొద్దు, చెట్టు నిద్రపోతుంది అని పెద్దలు పిల్లల్ని వారిస్తారు. అత్తిపత్తి ఆకును వేలితో తాకి అది ముడుచుకోవడం చూసిన పిల్లలకు మొక్క కదలికను ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కర్లేదు. కాబట్టి ఐదేళ్ల తెలుగు పిల్లని "చెట్టుకు ప్రాణం ఉందా", "ఈ మొక్క బతికే ఉందా" అని రెండు విధాలుగా అడిగితే రెండు వేర్వేరు జవాబులు రావచ్చు. ఇంగ్లిష్‌లో కూడా 'అలైవ్' అనే మాటకు బదులు 'లివింగ్ థింగ్' అని అడిగినప్పుడు పిల్లలు మొక్కల్ని మెరుగ్గా చేర్చారని 2008లో ఎరిన్ లెడన్ బృందం చూపింది.

పేర్లు నేర్పే సందర్భాలు కూడా ఇక్కడ తక్కువేమీ కాదు. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి సేకరించే సంప్రదాయాన్ని తీసుకోండి. మాచిపత్రి, మారేడు, గరిక, తులసి, మామిడి, రేగు, ఉత్తరేణి, వాటి పక్కనే ఉమ్మెత్త, గన్నేరు. తినేదీ, మందుకు వాడేదీ, విషపుదీ ఒకే పళ్లెంలో చేరతాయి. పెద్దవాళ్ల వెంట పొలం గట్ల మీద తిరుగుతూ ఏ ఆకు వాసన ఎలా ఉంటుందో, దేన్ని తుంచాక చెయ్యి కడుక్కోవాలో తెలుసుకునే పిల్లలకు వెర్ట్జ్ చెప్పిన "పెద్దల ముఖం చూసి నేర్చుకోవడం" ఏటా జరిగే పాఠం. బతుకమ్మ కోసం తంగేడు, గునుగు పూలు ఏరుకొచ్చే పిల్లలదీ ఇదే అనుభవం. బజారులో కట్టగా కొన్న పత్రితో పూజ పూర్తవుతుంది, పాఠం మాత్రం దాటిపోతుంది.

కంచం దగ్గర

మొక్కతో బిడ్డకు తొలి పరిచయం చూపుతోనో చేతితోనో కాదు, రుచితో. జూలీ మెనెల్లా బృందం 2001లో గర్భిణులకు చివరి నెలల్లో, కొందరు బాలింతలకు పాలిచ్చే రోజుల్లో క్యారెట్ రసం ఇచ్చింది. ఆ తల్లుల పిల్లల్లో తర్వాత క్యారెట్ రుచి కలిపిన ఆహారానికి ముఖం చిట్లించడం తగ్గింది. 2022లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ పరిశోధకులు ఇంకా వెనక్కి వెళ్లారు. 32, 36 వారాల గర్భిణులకు క్యారెట్ పొడి లేదా క్యాబేజీ జాతికి చెందిన కేల్ ఆకు పొడి ఉన్న క్యాప్సూల్ మాత్రలు ఇచ్చి స్కానింగ్‌లో గర్భస్థ శిశువుల ముఖాల్ని గమనించారు. క్యారెట్‌కు నవ్వు లాంటి ముఖం, కేల్‌కు ఏడుపు లాంటి ముఖం ఎక్కువగా కనిపించాయి.

రెండేళ్లు దాటాక కథ మారుతుంది. అప్పటిదాకా పెట్టిందల్లా తిన్న పిల్లాడు తోటకూర పప్పులో ఆకు ముక్కల్ని వేళ్లతో ఏరి కంచం అంచుకు తోస్తాడు. కొత్త తిండి అంటే బెదురు రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఎక్కువగా ఉంటుంది, అది ముఖ్యంగా కాయగూరల మీదే చూపిస్తారు. 1994లో ఎలిజబెత్ కాష్డన్ దీన్ని కూడా పరిణామంతో ముడిపెట్టింది: సొంతంగా నడిచి తిరిగే వయసులో ముక్కూ మొహం తెలియని ఆకుల్ని నోట్లో పెట్టుకోకపోవడం మేలు చేసింది. కామీ రియూ, జెరెమీ లాఫ్రేర్ లాంటివారు 2016లో మరో కోణం చూపారు. కూరగాయల్నీ పండ్లనీ రకాలుగా విడదీయడంలో వెనకబడిన పిల్లల్లోనే ఈ బెదురు ఎక్కువ. అంటే మారాంలో కొంత భాగం తెలియనితనం కావచ్చు. లియాన్ బర్చ్ 1982 నుంచీ చూపినదేమిటంటే, బలవంతం చేయకుండా మళ్లీ మళ్లీ రుచి చూపిస్తే ఇష్టం పెరుగుతుంది.

కనబడని పచ్చదనం: పేరుపై తగవు

1999లో అమెరికా జీవశాస్త్ర అధ్యాపకులు జేమ్స్ వాండర్‌సీ, ఎలిజబెత్ షుస్లర్ 'ప్లాంట్ బ్లైండ్‌నెస్' (మొక్కల పట్ల అంధత్వం) అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. చుట్టూ ఉన్న మొక్కల్ని గమనించకపోవడం, వాటి విలువ గుర్తించకపోవడం, జంతువులే మెరుగైనవనుకోవడం అన్నీ అందులో కలిపారు. బొమ్మల్ని వేగంగా చూపినప్పుడు చూపు జంతువుల మీద నిలిచినంతగా మొక్కల మీద నిలవదని 2014లో బెంజమిన్ బాలస్, జెనిఫర్ మామ్సెన్ ప్రయోగపూర్వకంగా చూపారు. ఇంకా విస్తుపోయే ఫలితం 2009లో రాబర్ట్ గోల్డ్‌బర్గ్, షారన్ థాంప్సన్ షిల్‌లది: తొందరపెట్టి అడిగినప్పుడు జీవశాస్త్ర ఆచార్యులు సైతం మొక్కను జీవిగా గుర్తించడానికి జంతువు కంటే ఎక్కువ సమయం తీసుకున్నారు. పసివయసు తడబాటు పెద్దయ్యాక కూడా పూర్తిగా చెరిగిపోదన్నమాట.

'ప్లాంట్ బ్లైండ్‌నెస్' అనే మాటపై అభ్యంతరాలూ గట్టివే. అంధత్వాన్ని లోపానికి ఉపమానంగా వాడడం తగదని, 'మొక్కల పట్ల ఎరుకలో వ్యత్యాసం' అనే అర్థమొచ్చే పేరు మేలని కాథ్రిన్ పార్స్లీ 2020లో వాదించింది. మొక్కల్ని గమనించకపోవడం మనిషి కంటికి సహజమా, పట్టణ జీవితం తెచ్చినదా అన్నది అంతకంటే లోతైన తగవు. 2002లో బ్రిటన్ పిల్లలపై ఆండ్రూ బామ్‌ఫర్డ్ బృందం చేసిన అధ్యయనంలో ఎనిమిదేళ్ల పిల్లలు పోకీమాన్ పాత్రల్లో దాదాపు 80 శాతాన్ని గుర్తుపట్టి, స్థానిక మొక్కలూ జంతువుల్లో మాత్రం సగం దాకానే గుర్తుపట్టగలిగారు. పోకీమాన్ పాత్రల్ని అంత బాగా గుర్తుపెట్టుకోగల మెదడుకు మొక్కల పేర్లు బరువు కావు. జెల్టాల్ పిల్లలు చెబుతున్నదీ ఇదే.

ఇంకా తేలనివి

మొదటిది, వెనకాడడానికి మూలం. ఎనిమిది నెలల బిడ్డ మొక్క ముందు ఆగడం పుట్టుకతో వచ్చిందని ఖాయంగా చెప్పాలంటే, పచ్చదనం మధ్యే పాకుతూ పెరిగే పసిపిల్లల్ని, కుండీ మొక్క కూడా లేని ఇళ్లలోని పిల్లల్ని విరివిగా పోల్చాలి. పత్తిచేను గట్టున చీర ఉయ్యాలలో పెరిగే బిడ్డకూ అపార్ట్‌మెంట్ బిడ్డకూ ఆ ఆలస్యం ఒకేలా ఉంటుందా?

రెండోది పెంపకం ప్రభావం. విత్తనం వేసి మొలకెత్తించడం ప్రాథమిక పరిసరాల విజ్ఞానం పాఠాల్లో ఎప్పటినుంచో ఉంది. అంగన్‌వాడీల్లో పోషణ వాటికల పేరుతో కూర మొక్కలు పెంచే కార్యక్రమం కూడా నడుస్తోంది. బంగారు చేపను పెంచిన జపాన్ పిల్లలకు దక్కిన మేలు బెండ మొక్కకు నీళ్లు పోసిన మూడేళ్ల పిల్లలకూ దక్కుతుందా? ఆ మేలు ఎంతకాలం నిలుస్తుంది? తాను పెంచిన బెండకాయను ఆ పిల్లే కంచంలో మారాం చేయకుండా తింటుందా?

మూడోది బడి అడ్డుపడే చోటు. మొక్క నేలలోంచి తిండి తింటుందన్న నమ్మకం పిల్లల్లో చాలాకాలం నిలుస్తుంది. నీళ్లతో సత్తువ, సత్తువతో పెరుగుదల అన్న ఐదేళ్ల లెక్క నుంచి వెలుగు సాయంతో గాలినీ నీళ్లనూ తిండిగా మార్చుకునే కిరణజన్య సంయోగక్రియకు దారి సూటిగా లేదు. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ విల్లో మొక్కను కుండీలో నాటి ఐదేళ్లు పెంచి తూచాడు. మట్టి బరువు తగ్గింది కొన్ని ఔన్సులే, చెట్టు మాత్రం 160 పౌండ్లకు పైగా పెరిగింది. అంత జాగ్రత్తగా తూచినవాడు కూడా ఆ బరువంతా నీళ్లదేననుకున్నాడు. పిల్లల తొలి అవగాహన తర్వాతి పాఠానికి మెట్టవుతుందా, అడ్డవుతుందా అన్నదానిపై అధ్యాపకులు ఒక మాట మీదకు రాలేదు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఇప్పటిదాకా పసికందుల్ని చూసినవాళ్లు ఒకరు, ఐదేళ్లవాళ్లను అడిగినవాళ్లు ఇంకొకరు. ఈ రెండు ఒడ్లనూ కలపాలంటే ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించాలి. బల్ల ముందు చెయ్యి ఆపిన పాపే రెండేళ్లకు తోటకూరను ఏరి పక్కన పెడుతుందా, మూడేళ్లకు పెరట్లో ఎన్ని మొక్కల పేర్లు చెబుతుంది, నాలుగేళ్లకు విరిగిన కొమ్మ చిగురిస్తుందని అంటుందా, ఐదేళ్లకు చెట్టుకు ప్రాణం ఉందంటుందా, బతికుందంటుందా? ఈ ఐదు జవాబుల్ని ఒకే బిడ్డ దగ్గర, ఆ బిడ్డ మాట్లాడే భాషలో, ఆ బిడ్డకు తెలిసిన మొక్కల మధ్య వరసగా రాసుకుంటూ పోగల పరిశోధనకు తెలుగు అంగన్‌వాడీలు, వాటి పెరళ్లలోని వంగ, బెండ, గోంగూర మొక్కలు అనువైన చోటు.